పెద్దావు ముందు, మా ఆవు చివర

పొయ్యి మీద పాలు విరిగితే మా అత్తవారింట్లో ముందుగా ఆడవాళ్లను నిలదీసేవారు. గిన్నె సరిగా కడిగావా, చింతపండు చేత్తో ముట్టుకున్నావా, బయట ఉన్న మూడు రోజుల్లో గాని కొట్టం వైపు వెళ్లావా అని. ఆవును నిలదీసినవాళ్లు లేరు. దాని పొదుగులో ఏం జరుగుతోందో చూద్దామన్న బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. వయసు మీద పడితే కోపాలు చల్లారతాయంటారు గాని, అది అందరి విషయంలో నిజం కాదు.

అత్తవారిది కోస్తా నుంచి వలస వచ్చిన కుటుంబం. దమ్మపేట దాటి, అడవి మొదలయ్యే చోట పొలం కొని, మొద్దులు పెకిలించి, రాళ్లు ఏరి స్థిరపడ్డారు. నేను కూసుమంచి దగ్గరి పల్లెలో పుట్టాను. జిల్లా ఒకటే అయినా మాట తీరు వేరు. నేను "ఏందత్తమ్మా" అంటే ఇంటిల్లిపాదీ నవ్వేవారు. వాళ్లు "ఏవిటే" అంటే మాత్రం నేను నవ్వకూడదు. కొత్త కోడలి నవ్వుకు అంత స్వేచ్ఛ ఎక్కడిది.

ఎనభైలు ముగుస్తున్న రోజులవి. పెళ్లయ్యాక నన్ను పంపుతూ మా నాన్న అరణంగా ఒక ఆవును కూడా పంపాడు. ఆడపిల్ల వెంట పాడి నడవాలని మా వైపు పెద్దలు అనేవారు. సూది వేయిస్తే పుట్టిన జెర్సీ ఆవు అది, తొలిచూలుది. అది పుట్టిన వారానికే దాని తల్లి పాము కరిచి చచ్చిపోయింది. అప్పుడు ఆ పెయ్యకు నా వేళ్లు చీకించి, మెల్లగా గిన్నెలో పాలు తాగడం నేర్పింది నేనే. పెద్దయ్యాక కూడా నా చెయ్యి కనబడితే వేళ్లు నోట్లో పెట్టుకోబోయేది. లారీలో తెస్తుంటే దారి పొడుగునా అరిచింది. నేను ముందు సీట్లో పెళ్లికూతుర్ని కాబట్టి బిగపట్టుకుని కూర్చున్నాను. అరవాలని నాకూ ఉంది.

"గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ" అని సామెత ఉంది కదా. పశువు గాని కోడలు గాని ఇంట అడుగుపెట్టిన వేళను బట్టే ఆ ఇంటి మంచిచెడ్డలు ఉంటాయని. మేమిద్దరం ఒకే వేళకు వచ్చాం. ఇక చూసుకోండి. ఆ ఏడు వాన ఆలస్యమైతే మా వల్లే, పత్తికి పురుగు పడితే మా వల్లే. బోరులో నీళ్లు బాగా ఉన్నాయని మాత్రం మమ్మల్ని మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆ మెప్పు అప్పటికే పెద్దావు ఖాతాలో పడిపోయింది.

పెద్దావు గురించి చెప్పాలి. అత్తవారు వలస వచ్చినప్పుడు ఎడ్లబండి వెనక నడుచుకుంటూ వచ్చిన పెయ్య అది. పొలం కలిసొచ్చింది దాని వల్లేనని ఇంట్లో అందరి నమ్మకం. కొట్టంలో ఉన్న మిగతా ఆవులన్నీ దాని బిడ్డలూ మనవరాళ్లే. పొద్దున్నే దాని నుదుట పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టి, ముందుగా దాని పాలు పితికి, అందులో కొంచెం దేవుడి దగ్గర పెట్టాకే మిగతా పనులు. దాని తర్వాత దాని సంతానాన్ని వయసు వరసన పితికేవారు. చిట్టచివర మా ఆవు. పరాయి ఇంటి నుంచి వచ్చింది కదా. నేను కూడా అందరూ తిన్నాకే తినేదాన్ని గనుక ఆ వరస నాకు వింతగా తోచలేదు.

పితికేది మా అత్తమ్మ. ఆవిడది పాలచెయ్యి అని ఊళ్లో పేరు. ఆవిడ వచ్చి పక్కన కూర్చుంటే చాలు, ఎంత మొండి ఆవయినా చేపుకు వచ్చేసేది. ఆ పేరు ఆవిడకు నగ లాంటిది. ఒక చెంబు నీళ్లు, ఒక గుడ్డ పట్టుకుని కొట్టంలోకి వెళ్లేది. పెద్దావు పొదుగు తుడిచిన గుడ్డతోనే వరసగా అన్నిటి పొదుగులూ తుడిచేది. బొటనవేలు లోపలికి మడిచి, ఆ కణుపుతో చన్నును అదిమి లాగేది. పట్టు జారడానికి వేళ్లను మధ్యమధ్య బకెట్లోని పాలలో ముంచేది. ప్రతి ఆవు తొలి ధారలూ భూదేవికని నేల మీద వదిలేది. పాలు పితికాక ఆవు ఆ తడి నేల మీదే పడుకునేది. ఇదంతా భక్తితో, శ్రద్ధతో చేసేది. ఆవిడ బద్ధకస్తురాలై ఉంటే మా ఆవుకు అంత కీడు జరిగేది కాదేమో.

పొలంలో కలుపుకు వచ్చే కోయ ఆమె ఒకామె ఇదంతా చూసి నవ్వేది. "మా గూడెంల ఆవును పిండరమ్మా. దూడ తాగే పాలు మనమెట్ల తాగుతం" అనేది. "అందుకే మీ ఇంట పాడి లేదు" అని అత్తమ్మ జవాబు. పాడి ఉన్న మా ఇంట్లో ఏమైందో చెబుతాను.

వానలు పట్టాక పాలు విరగడం మొదలైంది. ఒకరోజు విరిగితే గిన్నె తప్పన్నారు. మళ్లీ విరిగితే కట్టెల పొగ అన్నారు. ఆ తర్వాత రోడ్డు మీది పాలకేంద్రం నుంచి క్యాను తిరిగొచ్చింది. సైకిల్ మీద పాలు తీసుకెళ్లే పాలేరు ముఖం వేలాడేసుకుని వచ్చి అక్కడ జరిగింది చెప్పాడు. కేంద్రంలో మనిషి పాలు వేలితో నాకి చూసి, అందరూ వింటుండగా, "ఏం కలిపిన్రు గీ పాలల్ల? ఉప్పగున్నయ్. గివి పోస్తే మొత్తం పాలు ఇరుగుతయ్. తీస్కపో" అన్నాడట. మా ఇంటి పాలలో ఏదో కలుపుతున్నారన్న మాట మధ్యాహ్నానికి ఊరంతా పాకింది.

వాళ్ల దగ్గర లాక్టోమీటర్ ఉంది. నీళ్లు కలిపిన దొంగను అది పట్టిస్తుంది. వెన్న శాతం కొలిచే సీసాలున్నాయి. తక్కువ చేసి రాయడానికి అవి పనికొస్తాయి. పాలు ఉప్పగా ఎందుకు ఉన్నాయి, ఆ పశువుకు ఏమైంది అని అడిగే నాథుడు మాత్రం అక్కడ లేడు. రైతు దొంగతనం కనిపెట్టడానికి అన్ని సాధనాలూ ఉన్నాయి, రైతు కష్టం కనిపెట్టడానికి ఒక్కటీ లేదు. నాకు ముందు వాళ్ల మీదే కోపం వచ్చింది. ఇంట్లో విచారణ మొదలయ్యేదాకా అంతకన్నా కోపం రావడానికి చోటుందని నాకు తెలియదు.

అత్తమ్మ నన్ను వంటింటి గడప దగ్గర నిలబెట్టి అడిగింది. పక్కింటి పిన్ని కూడా కందులు చెరగడం ఆపి విన్నది.

"ఏవమ్మాయ్, నిజం చెప్పు. బయటున్న మూడ్రోజుల్లో పాకలోకెళ్లేవా?"

"పోలె అత్తమ్మా. అటు దిక్కు గూడ చూడలె."

"నీడైనా పడుంటుంది. ఆవుల మీద నీడ పడినా పాలు విరుగుతాయి."

"ఆవులు కొట్టంల, నేను వాకిట్ల. నీడ గోడ దాటి పోతదా?"

"చూశావా వదినా, ఎలా ఎదురు చెబుతుందో" అంది పిన్ని. విచారణ అక్కడితో ముగిసింది. ఎదురు చెప్పాను గనుక తప్పు నాదే అని తేలిపోయింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు. మా ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. గోడ మీద పిల్లి వాటం ఆయనది. తల్లి వైపు దూకలేదు, నా వైపూ దూకలేదు, చెప్పులు వేసుకుని పొలానికి వెళ్లిపోయాడు.

రెండు రోజులకు మా ఆవు కుడి వెనక చన్ను గట్టిపడింది. పితికితే పాలలో చిన్న చిన్న తరకలు వచ్చాయి. ముట్టుకుంటే వేడిగా ఉంది, కాలు విదిలిస్తోంది. అత్తమ్మకు సమాధానం దొరికింది. "ఇదిగో, దీనిదే రోగం. జెర్సీ గొడ్డు, మన గాలికి పడలేదు. అన్నిటికీ ఇదే అంటించింది" అంది. చివర పితికే ఆవు ముందు పితికే ఆవులకు రోగం ఎలా అంటించిందో ఎవరూ ఆలోచించలేదు. నిజం చెప్పాలంటే ఆ పూట నేను కూడా ఆలోచించలేదు, ఆవు బాధ చూస్తూ అయోమయంలో ఉన్నాను. ఆ సాయంత్రమే మామయ్య గొడ్ల బేరగాడితో మాట్లాడి వచ్చాడు. వచ్చే సంతకు మా ఆవును తోలేయాలని నిర్ణయమైంది. ఒక చన్ను పాడైన ఆవు సంతకు వెళ్తే ఎవరి చేతికి పోతుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. పాడికి దాన్ని ఎవరూ కొనరు.

సంత లోపే మా ఊరి బడిలో పశువుల శిబిరం పెట్టారు. డాక్టరు వచ్చాడని తెలిసి, ఎవరినీ అడగకుండా మా ఆవును నేనే పలుపు పట్టుకుని నడిపించుకెళ్లాను. వేపచెట్టు కింద ఎడ్లను పట్టుకుని నిలబడ్డ మగవాళ్లు దారి ఇస్తూ నవ్వుకున్నారు. మా అత్తమ్మ విషయం తెలిసి నా వెనకాలే వచ్చింది. కోడలు ఒంటరిగా మగవాళ్ల మధ్యకు వెళ్లిందన్న బెంగ కొంత, డాక్టరు ఏమంటాడో వినాలన్న ఆత్రం కొంత.

డాక్టరు వరంగల్ వైపు మనిషి, కుర్రవాడే. నాలుగు గుంటలున్న తెల్ల ప్లాస్టిక్ పలక ఒకటి తీశాడు. తొలి ధారలు వేరే గిన్నెలో పిండి పారేసి, ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో పట్టాడు. అన్నింటిలో ఊదా రంగు మందు పోసి పలకను మెల్లగా తిప్పాడు. మూడు గుంటల్లో పాలు నీళ్లలా కదిలాయి. నాలుగో దాంట్లో బెండకాయ జిగురులా ముద్దకట్టి, పలక వంచినా కిందికి జారలేదు.

"పాలల్ల తెల్ల కణాలుంటయమ్మా" అని నాకు చెప్పాడు. "పొదుగుల రోగం జొరబడితే దానితోని కొట్లాడనీకి అవి గుంపులుగ వస్తయ్. గీ మందు ఆ కణాలను పగలగొడతది. ఎక్కువుంటే గిట్ల జిగట కడతది, తక్కువుంటే పాలు పలచగనే ఉంటయ్. కంటికి కనవడని రోగం గూడ గిట్ల దొరుకుతది."

"మా ఆవు బతుకుతదా సారు? సంతల అమ్ముతమంటున్రు."

"ఎందుకు బతకదు? ఒక్క చన్నే గదా. మందెక్కిస్తే తగ్గుతది. సగం తగ్గంగనే ఆపొద్దు, మొత్తం మందు వాడాలె. అమ్మేటందుకు ఏముంది గిందుల."

నాకు ఆ మాట అన్నం పెట్టినట్టు ఉంది. అప్పుడాయన ఇంకో ప్రశ్న వేశాడు. మీ ఇంట్లో ముందుగాల ఏ ఆవును పిండుతరు అని. పెద్దావునని చెప్పాను. గుడ్డ ఒకటేనా అని అడిగాడు. ఒకటే అన్నాను. తొలి ధారలు ఎక్కడ పోస్తారన్నాడు. చెప్పాను. ఆయన తల పట్టుకోలేదు, తిట్టలేదు, ఆ పెద్దావును కూడా తోలుకురమ్మన్నాడు.

అత్తమ్మ ముఖం ఎర్రబడింది. "దాన్ని పరీక్ష పెడతారా? పదిమందిలో దాని పొదుగు మీద చెయ్యేయించి? మా ఇంటి మాలక్ష్మి బాబూ అది. దాని పాలల్లో ఒక్క తరక చూడలేదు ఇన్నేళ్లలో."

"మాలక్ష్మి అయినా పొదుగు పొదుగే గదమ్మా. పైకి కనవడకుంట లోపల ఉండొచ్చు."

ఆవిడ వెనుదిరిగి వెళ్లిపోయింది. డాక్టరు చన్నులోకి ఎక్కించే మందు ట్యూబులు ఇచ్చి, ఎలా ఎక్కించాలో చూపించాడు. నేను బయలుదేరుతుంటే, "బట్టలుతికే సబ్బు పొడి ఉందా ఇంట్ల? నీళ్లల్ల కలిపి ఇదే తీరుగ చేసి చూడు. రంగు రాదు గని జిగట తెలుస్తది" అన్నాడు.

మందు పనిచేసింది. రోజూ ఉదయం సాయంత్రం ఆ చన్నును పూర్తిగా పిండి, కడిగి, ఆరనిచ్చి, మందు ఎక్కించాను. నా వేళ్లు చీకుతూ అది నిలబడేది, నేను రెండో చేత్తో పని చేసుకునేదాన్ని. వాపు దిగింది, వేడి పోయింది, తరకలు ఆగిపోయాయి. ఇది ఇంట్లో అందరూ చూశారు. చూసి కూడా సంత మాట ఎవరూ వెనక్కి తీసుకోలేదు. అదే నన్ను కాల్చేసింది. రోగం తగ్గితే సంతోషించాల్సింది పోయి, తగ్గిన ఆవును ఏ వంకతో పంపాలా అని చూస్తున్నట్టు ఉంది వాళ్ల వాలకం.

సంతకు ముందు రోజు పొద్దున నేను అటక మీద నుంచి కార్తీకం ప్రమిదలు నాలుగు దించాను. చేటలో వాటిని పొదుగు ఎలా ఉంటుందో అలా పేర్చాను, ముందు రెండు, వెనక రెండు. చెంబులో సబ్బు పొడి కలిపాను. అత్తమ్మ పసుపు కుంకుమ పట్టుకుని కొట్టంలోకి వచ్చేసరికి నేను పెద్దావు పక్కన కూర్చుని ఉన్నాను. పలుపు మా ఆయన పట్టుకున్నాడు. ఆ పిల్లి ఒక్కసారి గోడ దిగింది, అంతవరకు ఆయనకు పుణ్యం ఉంటుంది.

"దేవుడి ప్రమిదల్లో సబ్బు నీళ్లేంటే" అని అత్తమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఒక్కో చన్ను నుంచి ఒక్కో ప్రమిదలోకి పాలు పిండాను. ఎంత తెల్లగా ఉన్నాయో ఆ పాలు. సబ్బు నీళ్లు పోసి చేటను గుండ్రంగా తిప్పాను. ఒక ప్రమిదలో పాలు పలచగానే ఆడాయి. మిగతా మూడింట్లోనూ చిక్కటి గంజిలా ముద్దకట్టాయి. పుల్లతో ఎత్తితే తీగ సాగింది.

అప్పటికి మామయ్య కూడా వచ్చి నిలబడ్డాడు.

"సబ్బు నీళ్లు కదా, ఏ పాలు పోసినా అంతే" అంది అత్తమ్మ.

ఆ మాట అంటుందని నాకు తెలుసు. ఎదురింటి బర్రె పాలు ముందే చెంబుతో తెచ్చి పెట్టుకున్నాను. ప్రమిదలు కడిగి అవి పోశాను. పలచగా, మామూలుగా కదిలాయి. మా ఆవు పాలు పట్టాను. మూడు పలచన, మందు వాడుతున్న చన్నుది కాస్త చిక్కన, అంతే. తర్వాత పెద్దావు కూతుళ్లవి చూశాను. దానికి దగ్గర వరసలో ఉన్నవాటి పాలు ఎక్కువ జిగట కట్టాయి. ఇక నేను నోరు విప్పి చెప్పాల్సింది ఏమీ లేదు. రోగం మర్యాద వరసలోనే నడిచింది. పెద్దావు దగ్గర మొదలై, గుడ్డ మీదా, అత్తమ్మ వేళ్ల మీదా ఎక్కి, ఒక్కో పొదుగూ తాకుతూ చివర మా ఆవు దగ్గరకు చేరింది. అలవాటు లేని ఒళ్లు గనుక ఇది పైకి కనబడేలా జబ్బుపడింది. దొరికింది కాబట్టి దొంగ అయింది.

"అయితే ఇప్పుడు పెద్దావును సంతకి తోలమంటావా?" అన్నాడు మామయ్య.

"దేన్నీ తోలొద్దు మామయ్యా. వరస మారిస్తే సాలు. పెద్దావును ఆఖర్ల పిండున్రి. దేనికి గుడ్డ దానికి పెట్టున్రి. చేతులు కడుక్కున్రి."

మామయ్య ఏదో అనబోయాడు. అత్తమ్మే అందుకుంది.

"పెద్దదాన్ని తీసుకెళ్లి చివర నిలబెట్టమంటుంది. ఇవాళ దాన్ని చివరికి నెడుతుంది, రేపు నన్ను నెడుతుంది."

ఆవిడ భయం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. తెలిసినంత మాత్రాన నా కోపం తగ్గలేదు. ఆవిడ భయానికి మా ఆవు ఎందుకు బలి కావాలి?

మామయ్య కండువా భుజాన వేసుకుని, "బేరగాడికి మాటిచ్చేశాం. మన ఇంటి మాట పోకూడదు" అని తేల్చేశాడు. పాలలో కల్తీ చేశారన్న మాట ఊరంతా తిరిగినా పోని పరువు, ఒక గొడ్ల బేరగాడికి ఇచ్చిన మాట తప్పితే పోతుందట. మా ఆయన నా వైపు చూశాడు. మళ్లీ గోడ ఎక్కేశాడు.

మర్నాడు పొద్దున పాలేరు పలుపు విప్పాడు. మా ఆవు మామూలుగా నా వైపు మూతి చాపి వేళ్లు వెతికింది. ఇచ్చాను. కాసేపు చీకింది. పాలేరు "అమ్మా, పొద్దెక్కుతుంది" అన్నాడు. నేను ఏడ్చాను. పెళ్లికూతుర్ని కాను కాబట్టి ఈసారి అందరి ముందూ గట్టిగా ఏడ్చాను. అది రోడ్డు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే నడిచింది. మా నాన్నకు ఏం చెప్పాలో తెలియక, చాలా రోజులు పుట్టింటికి వెళ్లలేదు.

అది పోయిన వారంలోనే పొయ్యి మీద పాలు మళ్లీ విరిగాయి.

వంటింట్లో అత్తమ్మ, నేను ఇద్దరమే ఉన్నాం. గిన్నెలో పాలు నీళ్లుగా, పెళ్లలుగా విడిపోవడం ఇద్దరం చూశాం. గిన్నె ఎవరు కడిగారని ఆవిడ అడగలేదు. ఎక్కడికెళ్లావని అడగలేదు. నింద వేయడానికి ఇంక కొట్టంలో జెర్సీ ఆవు లేదు. ఆవిడ గుడ్డతో గిన్నె దించి, పెరట్లోకి తీసుకెళ్లి, పెంటకుప్ప మీద పారబోసి వచ్చింది. నన్ను పిలిచి తిట్టి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

మర్నాడు పొద్దున ఆవిడ పెద్దావు నుదుట పసుపు కుంకుమ పెట్టింది, దండం పెట్టుకుంది, గుప్పెడు తవుడు తినిపించింది. పితకడానికి మాత్రం దాని దగ్గర కూర్చోలేదు. దాన్ని దాటి వెళ్లి, అన్నిటికన్నా చిన్నదాని దగ్గర కూర్చుంది. పెద్దావు తెల్లబోయి గట్టిగా అరిచింది. నేను పాత చీర చింపి వేర్వేరు గుడ్డలు చేసి తీసుకెళ్లాను. చేతులు కడుక్కోవడానికి పొటాషియం పర్మాంగనేటు పలుకులు వేసిన ఊదా రంగు నీళ్ల చెంబు పక్కన పెట్టాను. ఆవిడ అందుకుని, ఒక్కో ఆవుకూ మధ్య చేతులు కడుక్కుంది. తొలి ధారలు ముంతలోకి పట్టింది. భూదేవికి ఆవిడ ఏమని చెప్పుకుందో నాకు తెలియదు. ఆవులకు గడ్డి నేను వేశాను, పాలు పితికిన వెంటనే, చన్ను రంధ్రాలు మూసుకోకముందే అవి నేల మీద పడుకోకుండా. వట్టిపోయినప్పుడు పెద్దావుకూ, దాని కూతుళ్లకూ వరసగా మందు ఎక్కించాం. పాలు విరగడం ఆగిపోయింది. కేంద్రం నుంచి క్యాను మళ్లీ తిరిగి రాలేదు.

ఒక ఉదయం పక్కింటి పిన్ని కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అత్తమ్మ అన్నీ పితికేసి, ఆఖరున పెద్దావు డొక్కకు తల ఆనించి కూర్చుని ఉంది. బకెట్లో ధారలు చరచరమంటున్నాయి.

"చూశావా వదినా, ఆ కూసుమంచి గొడ్డు వెళ్లింది, పీడ వదిలింది. పాలు ఎంత చక్కగా ఉన్నాయో. ఊళ్లో అందరూ అదే అనుకుంటున్నారు" అంది.

ధారల చప్పుడు ఆగింది. నేను గడ్డి మోపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. కాదు, ఆ ఆవు తప్పేమీ లేదు అని ఒక్క ముక్క ఆవిడ నోటి నుంచి వస్తే చాలు. నిజం తెలిసినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు, అందులో అందరికన్నా బాగా తెలిసింది ఆవిడకే. రోజూ ఆ వరస మార్చి కూర్చుంటున్నది ఆవిడే. నేను కాచుకున్నాను.

చప్పుడు మళ్లీ మొదలైంది.

"పోయింది పీడ గాదు పిన్నీ. నేను పెంచిన ఆవు" అన్నాను. పిన్ని మూతి తిప్పుకుని వెళ్లిపోయింది. అత్తమ్మ తల ఎత్తలేదు.

ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్లు పాడి చేసింది. ఆ నాలుగు ప్రమిదలు మళ్లీ దేవుడి దగ్గరికి వెళ్లలేదు, కొట్టం దూలం మీదే ఉండిపోయాయి. అప్పుడప్పుడు ఆవిడే వాటిని దించి, సబ్బు నీళ్లు కలిపి, అన్ని ఆవుల పాలూ చూసి, "అమ్మాయ్, ఇలా రా, పలచగానే ఉన్నాయి కదూ" అని నన్ను పిలిచేది. చుట్టుపక్కల ఆడవాళ్లు వస్తే, పెద్దగొడ్డు అయినా సరే రోగం ఉన్నదాన్ని చివర పితకాలని వాళ్లకు నేర్పేది, పుట్టినప్పటి నుంచి తెలిసినట్టే. నాతో కూడా మంచిగానే ఉంది. నా పురుళ్లు పోసింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది. నేను అవేవీ కాదనను.

కానీ తెలియక చేసినదాన్ని క్షమించవచ్చు, తెలిశాక నోరు మూసుకోవడాన్ని ఎలా క్షమించను? ఆవిడ పోయి కూడా చాలా కాలమైంది. ఆ పొద్దున కొట్టంలో పాల ధార ఆగినప్పుడు రావలసిన మాట ఒకటుంది. దాని కోసం నేనింకా గడ్డి మోపు పట్టుకుని నిలబడే ఉన్నాను.